తొమ్మిదో నంబరు చేబదులు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా వీధి చివరింటి అమ్మాయి నా దగ్గర కూర్చుని కబుర్లు చెబుతుండగా ఆమె ఫోను మోగింది. "పాస్‌వర్డు పాతదేనే. నా పేరు మీదే కానిచ్చెయ్యి. గంటలో వచ్చేత్తాను" అని చెప్పి పెట్టేసింది. ఎవరమ్మా అంటే, "మా ఆఫీసులో నా పక్క సీటండీ. నేను బయటికొచ్చినట్టు మేనేజరు గారికి తెలీకుండా నా లాగిన్‌లో తనే చేసేస్తుంది. రేపు తనకి పనుంటే నేను చేత్తాను. చాలా మంచిదండీ పాపం" అంది.

ఆ "చాలా మంచిది" అన్న మాట దగ్గరే నాకు మా పాత ఎక్స్చేంజి గుర్తొచ్చింది. ఆ అమ్మాయికి టీ ఇచ్చి పంపేశాను. ఉద్యోగాల్లో కొత్తగా చేరిన మీలాంటి వాళ్లు చదువుతారని ఇప్పుడు రాస్తున్నాను. కంప్యూటర్ల గురించి నాకేమీ తెలియదు. నాకు తెలిసింది ఒక చిన్న టెలిఫోను ఎక్స్చేంజి. ఇంకా చెప్పాలంటే అందులో రెండే రెండు సీట్లు.

డెబ్భైల చివర్లో సంగతి. కోనసీమలోనే, ఊరి పేరు మాత్రం చెప్పను. అప్పటికి మా ఊళ్లో ఫోనుకి నంబర్లు తిప్పే చక్రం లేదు. పెట్టెకి ఉన్న పిడి తిప్పితే మా బోర్డు మీద ఆ నంబరు దగ్గర చిన్న రేకు మూత టప్పున పడేది. మేం తీగ గుచ్చి, ఎవరు కావాలో కనుక్కుని, రెండో తీగ అక్కడ గుచ్చేవాళ్లం. పై ఊళ్లకయితే ట్రంకు కాలు. ముందు బుక్ చేసుకుని గంటలు గంటలు ఎదురుచూడాలి. ప్రతి ట్రంకు కాలుకీ ఒక టికెట్టు రాసేవాళ్లం: ఎవరు, ఎవరికి, ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ముగింపు. కింద మూలన కాలు కలిపిన ఆపరేటరు నంబరు. మా పేర్లు టికెట్టు మీద ఎక్కడా ఉండవు. చుట్టుపక్కల ఎక్స్చేంజిలన్నిటికీ వరసగా ఇచ్చుకొచ్చిన నంబర్లవి; డిపార్టుమెంటుకి మేమంటే ఆ నంబరే.

నాది పదకొండు. నాకు పని నేర్పిన అక్కది తొమ్మిది.

నేను ఉప్పలగుప్తం దగ్గరి పల్లె నుంచి వచ్చాను. మా నాన్న రైతుల చేలల్లో కూలికి వెళ్లేవారు. మా పేటలో గవర్నమెంటు ఉద్యోగం వచ్చిన మొదటి ఆడపిల్లని నేనే. చేరిన ఆదివారం చర్చిలో పాస్టరు గారు నన్ను నిలబెట్టి ప్రార్థన చేశారు. ఆ గర్వం ఎంత బరువో అప్పుడు తెలియలేదు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. పర్మినెంటు అయ్యేదాకా ఎవరి నోటా చెడ్డమాట అనిపించుకోకూడదని మా అమ్మ వారానికోసారి ఉత్తరం రాయించేది.

అక్క నాకంటే పదిహేనేళ్లు పెద్దది. గొంతు మాత్రం పద్దెనిమిదేళ్ల పిల్లది. బొంబాయి లైను దొరకడమంటే అప్పట్లో మాటలు కాదు. రాజమండ్రి పట్టుకుని, అక్కడినుంచి మద్రాసు పట్టుకుని, వాళ్లని బతిమాలి బొంబాయి పట్టుకోవాలి. మధ్యలో సముద్రం హోరులాంటి చప్పుడు. వినపడకపోతే ఇటు మాట మేం విని అటు చెప్పాలి, అటు మాట విని ఇటు చెప్పాలి. అందువల్ల ఊళ్లో వ్యాపారాల గుట్టంతా మా చెవుల్లోంచే నడిచేది. చేరిన రోజునే, విన్నది బయట పెట్టనని కాగితం మీద సంతకం చేయించుకున్నారు. "ఈ గదిలో మనకి చెవులే ఉంటాయే. గుమ్మం దాటితే అవీ ఉండవు" అని అక్క నాకు మొదటి రోజే చెప్పింది.

గుమ్మం మీద అనుమతి లేనిదే లోపలికి రాకూడదని ఎర్ర అక్షరాల బోర్డు. లోపలికి వచ్చేవాళ్లంతా పుస్తకంలో సంతకం పెట్టాలి. కలెక్టరు గారొచ్చినా పెట్టాలని మా సూపర్వైజరు గారు మీసం మెలేసేవారు. ఇంత కాపలా ఉన్న గదిలో మేం ఇద్దరం కలిసి ఒక కిటికీ తెరిచి పెట్టుకున్నాం. దాన్ని మేం చేబదులు అనేవాళ్లం.

అక్క భర్తకి ఊపిరితిత్తుల జబ్బు. ఊళ్లో మిషన్ ఆసుపత్రిలో నెలల తరబడి మంచం మీద ఉన్నారు. ఆవిడ చేత్తో తప్ప ఆయన ఏదీ తినేవారు కాదు. మధ్యాహ్నం పన్నెండు గంటలయ్యేసరికి అక్క జావ గిన్నె పట్టుకుని బయల్దేరేది. ఆ గంటా గంటన్నర నేను నా లోకల్ బోర్డూ, ఆవిడ ట్రంకు బోర్డూ రెండూ చూసుకునేదాన్ని. టికెట్ల మీద మాత్రం ఆవిడ నంబరే వేసేదాన్ని. పదకొండు వేస్తే అక్క సీట్లో లేదని బయటపడుతుంది. రిజిస్టర్లో పర్మిషన్లు ఎక్కువైతే సెలవు కోస్తారు. ఆయన జబ్బుకి ఆవిడ సెలవులన్నీ ఎప్పుడో అయిపోయాయి. సూపర్వైజరు గారికి తెలుసు. ఆ సమయంలో ఆయన వరండాలో కూర్చుని పేపరు అడ్డం పెట్టుకునేవారు. ఆయన కూడా మంచివారే.

మా బోర్డు మీద ఒక కురిడీల వ్యాపారం ఆవిడ ఉండేవారు. చెట్టున పండి, అటక మీద నెలలు ఉండి, లోపలి నీళ్లు ఇంకిపోయిన ఎండు కొబ్బరికాయని మా వైపు కురిడీ అంటారు. ఆవిడ భర్త హఠాత్తుగా పోతే, ఇద్దరు ఆడపిల్లల్ని పెట్టుకుని ఆ వ్యాపారం తనే పట్టుకున్నారు. మగవాళ్ల మధ్య ఒక్క ఆడమనిషి. ఆవిడ బలమంతా ఆ బొంబాయి కాలే. రోజూ పన్నెండు దాటాక బొంబాయి ఏజెంటు ధర చెప్పేవాడు. ఎన్ని బస్తాలు పంపాలో, ఎంత వరకూ పెట్టి కొనవచ్చో ఆవిడ తేల్చుకుని, సాయంత్రానికి రైతుల ఇళ్లకి మనుషుల్ని పంపేవారు. ఆ మాట ఇంకొకరికి ముందు తెలిసిందా, ఆవిడ మనుషులు వెళ్లేసరికి అటకలు ఖాళీ.

ఆ కాలు అయిన అయిదు నిమిషాలకి ఒక రోజు వేరే నంబరు మూత పడింది.

"ఏమ్మా చెల్లెమ్మా, బాగున్నారా? నేనండీ, కురిడీల కొట్టు చిన్నాయన్ని. మా వదినగారి బొంబాయి కాలు అయ్యిందాండీ?"

"ఆయ్, ఇప్పుడే అయ్యిందండీ."

"అదేనమ్మా. లైను హోరులో వదినగారికి ధర సరిగా వినపళ్లేదంట. మళ్లీ బుక్ చేస్తే సాయంత్రం అయిపోద్ది కదా. మీరే కదా మధ్యలో చెప్పింది, కాస్త గుర్తుంటే చెబుదురూ."

ఆయన గొంతు నాకు తెలుసు. అన్నగారు ఉన్న రోజుల్లో ఫోను బిల్లు కట్టడానికి ఆయనే వచ్చేవారు. క్రిస్మసుకి మా ఇద్దరికీ కొబ్బరుండలు పంపింది కూడా ఆయనే. చెల్లెమ్మా అంటే నోరు నిండా అనేవారు. అంత వరస కలిపి మాట్లాడే మనిషిని, వాళ్ల వదినగారి సంగతి అడుగుతుంటే, మీరెవరండీ, మీకెందుకండీ అని ఎలా అడుగుతాం? మా వైపు ఆ ప్రశ్న తిట్టుతో సమానం. చెప్పేశాను. తర్వాత మూడు వారాల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్క పెట్టుకోలేదు. ఒక్క పైసా తీసుకోలేదు. మర్యాద చేస్తున్నాననుకున్నాను.

మనిషి అబద్ధం కాదు. ఆయన నిజంగా ఆవిడ మరిదే. కాకపోతే అన్నగారి సంవత్సరీకం కాకుండానే విడిపోయి, ఎదురు వీధిలో వేరే కొట్టు పెట్టుకున్నాడు. ఎవరో తెలిసినంత మాత్రాన వాళ్లకి చెప్పవచ్చని కాదు. ఈ ముక్క మీరు బాగా గుర్తు పెట్టుకోండి. నాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

ఇంకొక సంగతి కూడా ఉంది. విడిపోయిన వారమే ఆవిడ స్వయంగా వచ్చి, "నా బొంబాయి మాట నాకు తప్ప మా ఇంట్లో మనిషి అడిగినా చెప్పకండమ్మా" అని అక్కతో చెప్పి వెళ్లారు. అక్క సరేనంది, మనసులో పెట్టుకుంది. నాకు చెప్పడం మరిచిపోయింది. రోజూ సీటు అప్పగించింది, నంబరు అప్పగించింది, ఆ ఒక్క మాటా అప్పగించలేదు.

నెల తిరక్కుండా, తన ధర మరిదికి ముందే తెలిసిపోతోందని ఆవిడ డిపార్టుమెంటుకి ఫిర్యాదు కాగితం పెట్టారు. రాజమండ్రి నుంచి ఒక ఆఫీసరు గారు వచ్చారు. బాగా తెల్లని పంచెకట్టు, మెత్తని మాట. వచ్చీ రాగానే టికెట్ల కట్టలు విప్పించి, బొంబాయి కాల్స్‌వన్నీ ఏరి, బల్ల మీద వరసగా పేర్చారు. ప్రతి టికెట్టు మూలనా తొమ్మిది. రాత మాత్రం నాది. తొమ్మిది అంకె తోకని నేను కుడివైపుకి తిప్పుతాను, అక్క నిటారుగా దించుతుంది. ఇప్పుడు ఆయన ఆ తోక చూస్తారు, అయిపోయింది అనుకున్నాను. ఆయన చూడలేదు. నంబరు చూశారు.

లోపలికి పిలిచే ముందు వరండాలో అక్క నా చెయ్యి పట్టుకుంది. అప్పటికే తనకి నేనంతా చెప్పేసి ఏడుస్తున్నాను.

"డబ్బులేమన్నా తీసుకున్నావా?"

"లేదక్కా. ప్రభువు తోడు."

"అయితే ఏడవకు. ఆవిడ వచ్చి చెప్పిన మాట నీకు చెప్పలేదు నేను. అది నా తప్పే. నీకింకా ప్రొబేషను అవ్వలేదు. నోరు విప్పేవంటే రేపు పొద్దున్న బస్సెక్కించేత్తారు. నన్నయితే ఏం చేత్తారే? మహా అయితే ఇంక్రిమెంటు ఆపుతారు. చేబదులు సంగతి బయటికొస్తే ఇద్దరం పోతాం. ఇంక ఆయనకి జావెవరు పోత్తారు?"

లోపల ఆఫీసరు గారు ముందు అక్కని అడిగారు. "ఈ నంబరు ఎవరిదండీ?"

"నాదేనండీ."

"ఈ కాల్స్ కలిపినప్పుడు సీట్లో ఎవరున్నారు?"

"నేనేనండీ."

కురిడీల ఆవిడ కూడా అక్కడే, గోడ వారగా బెంచీ మీద కూర్చుని ఉన్నారు. తలెత్తి అక్క వంక చూశారు. "మీరని అనుకోలేదమ్మా. మీకు చెప్పుకుని ధైర్యంగా ఉన్నాను" అన్నారు. కోపంగా అని ఉంటే బాగుండేది. అక్క ముఖం అప్పుడు ఎలా అయిపోయిందో నేను రాయలేను. ఏళ్ల తరబడి లైన్ల మీద ఊరందరి మాటలూ విన్న ఆ అక్క ఆ ఒక్క మాటకి తట్టుకోలేకపోయింది. బల్ల అంచు పట్టుకుంది.

తర్వాత ఆయన నా వైపు తిరిగారు. "నువ్వెక్కడున్నావమ్మా ఆ సమయంలో?"

"లోకల్ బోర్డు మీదండీ" అన్నాను.

రిజిస్టర్లోనూ అలాగే ఉంది. కాబట్టి ఆ అబద్ధం నాది కాదు, రిజిస్టరుది, నేను చదివి వినిపించానంతే అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. సంజాయిషీలు అల్లుకోవడంలో నాకంటే పనిమంతులు లేరు. సూపర్వైజరు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. ఆ రోజు ఆయన చేతిలో పేపరు కూడా లేదు.

ఇంక్రిమెంటుతో ఆగలేదు. పది రోజులకి అక్కకి శ్రీకాకుళం అవతలికి బదిలీ ఆర్డరు వచ్చింది. వెంటనే చేరకపోతే సస్పెన్షను. ఆసుపత్రి వదిలి ఆయన్ని కదపకూడదన్నారు డాక్టరమ్మగారు. అక్క ఎన్ని అర్జీలు పెట్టిందో! విన్న సంగతి బయటపెట్టిన మనిషి అర్జీ ఎవరు చదువుతారు? భర్తకి మాత్రం తనకి కొన్నాళ్లు రాజమండ్రిలో డ్యూటీ వేశారని చెప్పింది. బస్సెక్కుతూ జావ గిన్నె నా చేతిలో పెట్టి, "ఉప్పు తక్కువెయ్యి. రెండు చెంచాలైనా నిదానంగా పట్టు" అంది. నా మీద ఒక్క మాట అనలేదు.

మర్నాటి నుంచి నేనే వెళ్లాను. ఈసారి రిజిస్టర్లో పర్మిషను రాసి, పదకొండో నంబరు వేసి, నా సెలవు కోయించుకుని వెళ్లాను. చేతకాని నిజాయితీ అంటే అదే కాబోలు. ఆ పని నెల ముందు వాళ్లు చెయ్యనిచ్చి ఉంటే, మేం చేసి ఉంటే, ఇదంతా ఉండేది కాదు. ఆయన నా చేత్తో తాగేవారు కాదు. మొహం తిప్పుకుని, "ఆవిడెప్పుడొస్తుందమ్మా?" అనేవారు. "వచ్చేత్తారండీ బావగారూ" అని గిన్నె పట్టుకుని కూర్చునేదాన్ని. కురిడీల ఆవిడ ఆ నెలలోనే కొట్టు మూసేసి, పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయారు. ఆవిడ ఫోను తీసేశారు. బోర్డు మీద ఆవిడ నంబరు చీటీ గోటితో గీకి తీసింది నేనే. ఆవిడ దగ్గరికి వెళ్లి చెప్పుకుందామని చాలాసార్లు అనుకున్నాను. అనుకోవడమే.

నా ప్రొబేషను అయిపోయింది. పర్మినెంటు ఆర్డరుతో పాటు నన్ను ట్రంకు బోర్డుకి మార్చారు. ఆ బోర్డుకి ఖాళీగా ఉన్న నంబరు నాకిచ్చారు. తొమ్మిది.

అక్క వెళ్లిన ఏడో వారంలో, మధ్యాహ్నం నేను ఆసుపత్రిలో ఉండగానే ఆయన పోయారు. ఎక్స్చేంజికి పరిగెత్తుకొచ్చి అక్కకి ట్రంకు కాలు నేనే బుక్ చేశాను, నేనే కలిపాను. టికెట్టు నేనే రాశాను. మూలన తొమ్మిది వెయ్యాలి. వేశాను.

లైను ఏమీ బాగాలేదు. "బావగారు పోయేరక్కా" అన్నాను. వినపడలేదంది. మళ్లీ అరిచాను. వినపడలేదంది. మధ్యలో విజయనగరం ఆపరేటరు అందుకుంది. ఆ పిల్లెవరో నాకు తెలియదు, గొంతు చూస్తే కొత్తగా చేరినట్టుంది. "బావగారు పోయారంటున్నారండీ" అని నా మాటని అటు చెప్పింది. అక్కకి భర్త పోయిన కబురు ముక్కూ మొహం తెలియని పిల్ల గొంతులో వెళ్లింది. తర్వాత ఆ పిల్లే, ఈసారి నెమ్మదిగా, "ఇవాళ జావ తాగారా అని అడుగుతున్నారండీ" అంది.

"రెండు చెంచాలు తాగేరని చెప్పండి" అన్నాను. అది అబద్ధం.

ఆటోమేటిక్ ఎక్స్చేంజి వచ్చి బోర్డు పీకేసేదాకా ఆ నంబరుతోనే పనిచేశాను. ఆ తర్వాత కౌంటర్లో కూర్చున్నాను, క్లర్కునయ్యాను, రిటైరయ్యాను. పెన్షను కాగితాలు చేతికొచ్చిన వారం కూర్చుని, ఆ టికెట్లు రాసింది నేనేననీ, సంగతి చెప్పింది నేనేననీ, అక్క సీట్లో లేదనీ మొత్తం వివరంగా డిపార్టుమెంటుకి రాశాను. పోయేదేమీ లేనప్పుడు వచ్చిన ధైర్యం. రెండు నెలలకి జవాబొచ్చింది. మీరు పేర్కొన్న టికెట్లు గడువు తీరిన రికార్డుల కింద ఎప్పుడో తీసివేయబడినవి, కావున ఈ విషయమై చర్య తీసుకొనుటకు వీలుపడదు.

ఆ ఉత్తరం, నా కాగితం నకలు పట్టుకుని రాజోలు దగ్గర అక్క ఉంటున్న వాళ్ల చెల్లెలుగారింటికి వెళ్లాను. అన్నేళ్లలో క్రిస్మసు కార్డులు రాసుకున్నాం తప్ప ఎదురుపడలేదు. జుట్టంతా తెల్లబడిపోయింది. గొంతు మాత్రం అలాగే ఉంది. కళ్లజోడు పెట్టుకుని రెండూ చదివింది. మడిచి నా చేతికిచ్చేసింది.

"ఎవరు మిగిలేరే ఇది చదవడానికి?" అంది.

కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ అడిగింది. "ఆ వేళ ఆయన నిజంగా జావ తాగేరా?"

"లేదక్కా. గిన్నె పక్కకి నెట్టేసేరు."

"నన్నడిగేరా?"

ఇది ఎవరికీ చెప్పకుండా అన్నాళ్లూ దాచుకున్నాను. ఇంక దాచడానికి నాకు ఓపిక లేకపోయింది.

"అడిగేరక్కా. 'ఎక్కడైనా సీటు సీటే కదమ్మా, ఇక్కడ ఆవిడ బదులు కూచునేదానివి కదా. ఒక్క గంట రాజమండ్రి వెళ్లి ఆవిడ సీట్లో నువ్వు కూచో తల్లీ, ఆవిడొకసారొచ్చి వెళ్తుంది' అన్నారు."